ఉమ్మడి సాఫ్ట్‌వేర్ అభివృద్ధి: 'ఎక్స్-రోడ్' నిర్వహణ విధానం

ఒకే స్వభావం గల పనులకు ప్రభుత్వ సంస్థలు వేర్వేరుగా సాఫ్ట్‌వేర్ తయారు చేయించుకోవడం వలన ప్రజాధనం పదేపదే వ్యయమవుతుంది. సోర్స్ కోడ్‌పై హక్కు సరఫరాదారు వద్దనే ఉండిపోతే, చిన్న మార్పునకు సైతం ఆ సంస్థపైనే ఆధారపడవలసి వస్తుంది. ఈ దృష్ట్యా ఓపెన్ సోర్స్ పద్ధతిలో ఎస్టోనియా, ఫిన్లాండ్ దేశాలు ఉమ్మడిగా చేపట్టిన 'ఎక్స్-రోడ్' పరిశీలింపదగినది.

నేపథ్యం

ప్రభుత్వ సంస్థల డేటాబేసుల మధ్య సమాచార మార్పిడికై ఎస్టోనియా 2001లో ఎక్స్-రోడ్‌ను ప్రారంభించింది. ఇందులో సమాచారమంతా ఒకేచోట పోగుచేయబడదు. ఏ సంస్థ వివరాలు ఆ సంస్థ వద్దనే ఉంటాయి. సెక్యూరిటీ సర్వర్ల ద్వారా సాగే ప్రతి సందేశం ఎన్‌క్రిప్ట్ చేయబడి, డిజిటల్ సంతకంతో, సమయ ముద్రతో నమోదవుతుంది.

2013 డిసెంబరులో నాటి ప్రధానమంత్రులు ఆండ్రుస్ ఆన్సిప్ (ఎస్టోనియా), యుర్కి కటాయినెన్ (ఫిన్లాండ్) సహకార ఒప్పందంపై డిజిటల్ సంతకాలు చేశారు. ఫిన్లాండ్ అదే సాఫ్ట్‌వేర్‌ను స్వీకరించింది. ఉభయ దేశాలు తమ ప్రతులను విడివిడిగా సవరించుకుంటూ పోయినచో, కొంత కాలానికి ఒకరి సవరణ మరొకరికి పనికిరాకుండా పోయే ప్రమాదముంది. కనుక మూలభాగాన్ని ఉమ్మడిగా అభివృద్ధి చేయాలని నిర్ణయించాయి. 2016లో సోర్స్ కోడ్‌ను ఎం.ఐ.టి. లైసెన్సు కింద బహిర్గతం చేయడం జరిగింది.

సంస్థాగత ఏర్పాటు

ఈ బాధ్యత నిమిత్తం 2017లో ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో నార్డిక్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఇంటరాపరబిలిటీ సొల్యూషన్స్ అనే లాభాపేక్షలేని సంస్థ ఏర్పాటయింది. 2021లో ఐస్‌లాండ్ పూర్తిస్థాయి సభ్యదేశంగా చేరింది.

బాధ్యతల విభజన

* మూల సాఫ్ట్‌వేర్ అభివృద్ధి, కొత్త వెర్షన్ల విడుదల ఉమ్మడి సంస్థ బాధ్యత. ఇందుకు సభ్యదేశాలు నిధులు సమకూరుస్తాయి.
* జాతీయ స్థాయి నిర్వహణ, సంస్థల నమోదు, స్థానిక నిబంధనలు ఆయా దేశాల పరిధిలోనివి.
* సభ్యత్వం లేని దేశాలు సైతం లైసెన్సుకు లోబడి కోడ్‌ను ఉచితంగా వినియోగించుకోవచ్చు. కిర్గిజ్‌స్థాన్‌లోని 'తుందుక్' వ్యవస్థ ఇందుకు ఉదాహరణ.

భారతదేశంలో

భారత ప్రభుత్వం 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వినియోగ విధానాన్ని ప్రకటించింది. టెండరు ప్రతిపాదనలలో ఓపెన్ సోర్స్‌ను పరిశీలించని సరఫరాదారులు అందుకు కారణాలు తెలపాలని ఈ విధానం నిర్దేశించింది. ప్రభుత్వ అప్లికేషన్ల కోడ్‌ను పంచుకొని ఉమ్మడిగా అభివృద్ధి చేసుకొనుటకు అదే సంవత్సరం మరొక విధానం వెలువడింది. దీనికి అనుగుణంగా 'ఓపెన్‌ఫోర్జ్' వేదిక అందుబాటులోకి వచ్చింది.

కోడ్‌ను బహిర్గతం చేయడం తొలిమెట్టు మాత్రమేనని ఎక్స్-రోడ్ అనుభవం స్పష్టం చేస్తున్నది. సవరణలను ఆమోదించేదెవరు, నిధులు సమకూర్చేదెవరు, భద్రతా లోపాలు బయటపడినపుడు సరిదిద్దేదెవరు అన్న అంశాలు ముందుగానే ఖరారు కావాలి. ఒప్పంద దశలోనే కోడ్‌పై హక్కులను ప్రభుత్వ సంస్థ పొందగలిగినపుడే ఒక శాఖ వెచ్చించిన ధనం ఇతర శాఖలకు సైతం ఉపకరిస్తుంది.