చుట్టిల్లు కూలిన తీరు

శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా సముద్రం పక్క పల్లెల్లో ఒకప్పుడు చుట్టిళ్లే ఎక్కువ. మధ్యన మట్టిగోడల గుండ్రటి గది, చుట్టూ వసారా, పైన నిటారుగా లేచిన తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి దిగేదంటే ఊరి పెద్దయినా నడుం వంచకుండా లోపలికి పోలేడు. గాలి వచ్చి గుద్దుకోడానికి ఆ ఇంటికి మూలంటూ లేదు. ఎంతటి గాలైనా చుట్టూ తిరిగి తన దారిన పోవాల్సిందే. తుపాన్లు చూసి చూసి నేర్చిన చేతులు కట్టిన ఇల్లది.

గాలికి నిలిచిన ఇల్లు వానకు లొంగిపోయింది. మట్టిగోడ ప్రాణమంతా కప్పులో ఉంటుంది. ఆ కప్పుకు కొన్నేళ్లకోసారి కొత్తాకు పడాలి. మట్టలు కొట్టాలి, ఆకు ఎండబెట్టి చదును చెయ్యాలి, వాసాలకు వరసలుగా కట్టాలి. ఒక్కరితో అయ్యే పని కాదు. ఆ పని తెలిసిన చేతులు గుజరాత్‌లో వేరావల్ పడవల మీదికీ, చెన్నై, హైదరాబాద్ కట్టడాల్లోకీ వలసపోయాయి. తాటిచెట్లు కొట్టేసి చదును చేసిన చోట ప్లాట్ల రాళ్లు లేచాయి. ఒక ఏడు కప్పడం తప్పిందా, కొప్పు దగ్గర ఆకు కుళ్లి నీరు గోడ నెత్తిన చుక్కచుక్కగా పడుతుంది. ముందు పేడ అలుకు పెళ్లలుగా రాలుతుంది. తర్వాత గోడ నెర్రె విచ్చుతుంది. ఆపైన ఓ వాసం జారి కప్పంతా ఒక పక్కకు ఒరుగుతుంది. అక్కడితో ఆ ఇంటి పని సరి.

సర్కారు కాగితాల్లో అది ఎప్పుడూ కచ్చా ఇల్లే. 2006లో ఇందిరమ్మ పథకం రాకముందు నుంచే పల్లె ఆశంతా పక్కా ఇంటి మీద ఉంది. తప్పు పట్టలేం. వేసవిలో ఒక కప్పుకు నిప్పంటుకుంటే పేట పేటంతా బూడిదయ్యేది. ఆకులో తేళ్లు, ఎలుకలు, వాటి వెనక పాములు. చుట్టింటి అందం గురించి మురిసిపోయేది ఎక్కువగా అందులో ఒక్క వానాకాలమైనా గడపని మనబోటివాళ్లమే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాన్లు వచ్చినప్పుడు శ్లాబులు నిలిచాయి. ఎగిరిపోయినవి రేకులు: ఆకు దొరక్క, శ్లాబుకు డబ్బు చాలక మధ్యలో ఆగిపోయినవాళ్ల రేకులు.

ఇక వేడి సంగతి. మట్టిగోడ, మందపాటి ఆకు కలిసి నడివేసవిలో కూడా లోపల చల్లగా ఉంచేవి. ఇప్పుడు శ్లాబు పగలంతా కాగి, రాత్రంతా ఆ సెగ గదిలోకే దింపుతుంది. ఏసీ కొనలేని ముసలివాళ్లు మే నెలంతా వేపచెట్టు కింద మంచాలు వాల్చుకుంటున్నారు.