విద్యార్థి కూర్చుకున్న డిగ్రీ

పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో అమెరికా కాలేజీలో చేరిన కుర్రవాడికి ఎంచుకోవడానికి దాదాపు ఏమీ ఉండేది కాదు. లాటిన్, గ్రీకు, గణితం, తర్కం, నీతిశాస్త్రం అందరూ ఒకే వరుసలో చదవాలి. 1828లో యేల్ కాలేజీ వెలువరించిన నివేదిక ఈ పద్ధతినే గట్టిగా సమర్థించింది. ప్రాచీన భాషలూ గణితమూ బుద్ధికి సాము నేర్పుతాయనీ, వృత్తివిద్య ఆ తర్వాత నేర్చుకోవచ్చుననీ దాని వాదన.

అప్పటికే వేరే ఆలోచన తలెత్తింది. 1825లో తరగతులు మొదలైన వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఏ విభాగంలో చదవాలో విద్యార్థే నిర్ణయించుకునే వీలు థామస్ జెఫర్సన్ కల్పించాడు. 1850లో బ్రౌన్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఫ్రాన్సిస్ వేలాండ్ పాఠ్యక్రమంలో ఎంపికకు మరింత చోటివ్వాలని ప్రతిపాదించాడు. ఇది పెద్ద ఎత్తున అమలైంది మాత్రం హార్వర్డులోనే. 1869లో అధ్యక్షుడైన రసాయనశాస్త్రవేత్త చార్లెస్ ఎలియట్ నలభై ఏళ్లు ఆ పదవిలో ఉండి, తప్పనిసరి పాఠాలను క్రమంగా తొలగిస్తూ వచ్చాడు. శతాబ్దం ముగిసేనాటికి మొదటి ఏడాది ఇంగ్లీషు రచన మినహా దాదాపు అన్నీ ఐచ్ఛికాలే.

ఆ స్వేచ్ఛలో పొందిక కొరవడింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ప్రాథమిక కోర్సులతోనే డిగ్రీ గట్టెక్కించినవారు ఉన్నారు. 1909లో ఎలియట్ స్థానంలోకి వచ్చిన లారెన్స్ లోవెల్ దీనికి విరుగుడుగా, ఒక ప్రధాన విషయాన్ని లోతుగా చదవాలనీ, మిగతా రంగాల్లో కొన్నింటిని తాకాలనీ నియమం తెచ్చాడు. ఇలాంటి అమరికే అమెరికా కాలేజీల్లో స్థిరపడింది. అయితే శాఖల గోడలు కూడా దానితోపాటే బలపడ్డాయి. రెండు శాఖల నడుమ పుట్టే ప్రశ్నకు ఆ అమరికలో చోటు దొరకడం కష్టమైంది.

ఆ గోడలను 1960లలో విద్యార్థులే ప్రశ్నించారు. 1966లో బ్రౌన్‌లో కొందరు విద్యార్థులు కలిసి తమ విశ్వవిద్యాలయం అందించే చదువునే అధ్యయనాంశంగా తీసుకున్నారు. ఆ కృషి ఆధారంగా ఐరా మాగజైనర్, ఎలియట్ మాక్స్‌వెల్ 400 పేజీలు మించిన నివేదిక సిద్ధం చేశారు. 1969 మేలో అధ్యాపకసభ సంస్కరణలను ఆమోదించింది. రంగాలవారీ తప్పనిసరి కోర్సులు పోయాయి. ఉన్న ప్రధాన విషయాలేవీ సరిపడనివారు తమదైన ప్రధాన విషయాన్ని రూపొందించుకునే అవకాశం దక్కింది.

మసాచుసెట్స్‌లోని హాంప్‌షైర్ కాలేజీ ఇంకా ముందుకు వెళ్లింది. ఇరుగుపొరుగు విద్యాసంస్థలు నాలుగు, ఆమ్‌హర్స్ట్, స్మిత్, మౌంట్ హోలియోక్, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, 1958లో కొత్త కాలేజీకి పథకం రాయించాయి. 1965లో హెరాల్డ్ జాన్సన్ 60 లక్షల డాలర్లు ఇవ్వడానికి ముందుకొచ్చాక అది కార్యరూపం దాల్చింది. 1970లో తొలి విద్యార్థులు చేరారు. అక్కడ మామూలు శాఖలూ లేవు, గ్రేడులూ లేవు. ప్రతి కోర్సు చివర అధ్యాపకులు విద్యార్థి పనిని వాక్యాల్లో విశ్లేషించి రాసేవారు. చదువు మూడు అంచెలుగా సాగేది. చివరి అంచెలో విద్యార్థి స్వయంగా ఎన్నుకున్న పెద్ద ప్రాజెక్టు పూర్తిచేయాలి. డాక్యుమెంటరీ చిత్రాలకు పేరొందిన కెన్ బర్న్స్ 1975లో ఇక్కడే పట్టా పొందాడు. 1971లో వాషింగ్టన్ రాష్ట్రంలో తెరుచుకున్న ఎవర్‌గ్రీన్ కాలేజీ, 1972లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మొదలై తర్వాత గాలటిన్ పేరుతో స్థిరపడిన విభాగం ఈ కోవలోవే.

విద్యార్థి సొంతంగా కూర్చుకునే ఈ చదువు సాగే తీరు చాలాచోట్ల ఒక్కలాగే ఉంటుంది. తనను పట్టి కుదుపుతున్న ప్రశ్న ఏమిటి, అది ఒకే శాఖలో ఎందుకు ఇమడదు, ఏ కోర్సులు ఏ వరుసలో చదివితే సమాధానానికి చేరువ కావచ్చు: ఇవన్నీ విద్యార్థి కాగితం మీద పెట్టాలి. బాధ్యత తీసుకునే అధ్యాపకులను వెతుక్కోవాలి. అనేకచోట్ల కమిటీ ఆమోదమూ కావాలి. ఒక్కొక్కరి చదువు ఒక్కో రకంగా ఉంటుంది కనుక అధ్యాపకుల సమయం ఎక్కువ పడుతుంది. అందుకే పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఇది మామూలు శాఖల పక్కన చిన్న విభాగంగానే మిగిలింది.

లోవెల్ కాలంలో పొందిక కుదిర్చే పని కాలేజీ నియమాలది. సొంతంగా కూర్చుకునే డిగ్రీలో ఆ పని విద్యార్థి భుజాల మీదికి వచ్చింది. పథకం రాయడం, దాన్ని పెద్దల ముందు నిలబెట్టుకోవడం కూడా అక్కడ చదువులో భాగమే.