పట్టాలకూ బొంబాయి రోడ్డుకూ నడుమ

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు (కేపీహెచ్‌బీ) కాలనీకి ఉత్తరాన బొంబాయి రోడ్డు, దక్షిణాన రైలు పట్టాలు. పట్టాలు 1874 నాటివి. నిజాం రాజ్యాన్ని వాడి జంక్షన్ దగ్గర బొంబాయి లైనుకు కలపడానికి సికింద్రాబాద్ దాకా వేసినవి. రోడ్డు ఒకప్పుడు 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. నంబరు ఏదైనా మా పెద్దవాళ్లకు అది బొంబాయి రోడ్డే. కేపీహెచ్‌బీ ట్రాఫిక్ గురించి ఎవరు మాట్లాడినా కార్లు పెరిగాయనో, జనం పెరిగారనో మొదలుపెడతారు. పెరిగిన మాట నిజమే. కానీ ఈ రెండు గీతల సంగతి తెలియకపోతే మా ఇరుకు సగమే అర్థమవుతుంది.

పాత కూకట్‌పల్లి రామాలయం చుట్టూ అల్లుకున్న ఊరు. చుట్టుపక్కల చెరువులు, వాటి అలుగు నీళ్లు నాలాలో పడి హుస్సేన్‌సాగర్‌కు పోయేవి. నాలా ఇప్పటికీ ఉంది, అందులో పారేదే మారింది. ఊరి దశ తిరిగింది 1960లలో, ఫ్యాక్టరీలతో. 1961లో డిటొనేటర్లు తయారుచేసే ఐడీఎల్ వచ్చింది. రంగధాముని చెరువు కాస్తా జనం నోట ఐడీఎల్ చెరువైంది. సోవియట్ యూనియన్ సాయంతో బాలానగర్ పక్కన మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్ లేచింది. అక్కడ పనిచేసి బయటికొచ్చినవాళ్లే తర్వాత హైదరాబాద్‌ను మందుల తయారీకి పెట్టింది పేరు చేశారు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన కల్లం అంజిరెడ్డి వాళ్లలో ఒకరు. సనత్‌నగర్‌లో ఆల్విన్, అటు రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, మధ్యలో లెక్కలేనన్ని చిన్న కార్ఖానాలు. గమనించాల్సిందేమిటంటే ఈ పనంతా బొంబాయి రోడ్డును పట్టుకునే పరుచుకుంది.

ఆ పనివాళ్లకూ చిన్నపాటి ఉద్యోగులకూ ఇళ్లు కావాలి. ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు ఈ రెండు గీతల మధ్య నేల తీసుకుని ఫేజుల వారీగా కట్టుకుంటూ పోయింది. ఎల్‌ఐజీ (తక్కువ ఆదాయం), ఎంఐజీ (మధ్య ఆదాయం), హెచ్‌ఐజీ (ఎక్కువ ఆదాయం) అని ఆదాయాన్ని బట్టి అంతరాలు. మా నాన్న బాలానగర్‌లో ఫిట్టర్. డ్రాలో పేరొచ్చి ఎల్‌ఐజీ ఇల్లు దక్కింది. డబ్బు వాయిదాల మీద ఏళ్ల తరబడి కట్టారు. రెండు గదులు, వంటిల్లు, వెనక కాస్త జాగా, అందులో ఒక జామచెట్టు. వీధి చివర బోరింగు. ఇంటి ముందు రోడ్డు సైకిళ్లకూ స్కూటర్లకూ కొలిచి వేసింది. కారున్న ఇల్లంటే గుర్తుగా చెప్పుకునేవాళ్లం. ఆ కొలతలో తప్పేమీ లేదు. సైరన్ మోగితే డ్యూటీకి పోయేవాళ్లు, పటాన్‌చెరు నుంచి సికింద్రాబాద్ పోయే 219 బస్సు, కోఠీ పోయే 218 బస్సు పట్టుకునేవాళ్లు, అందరూ నడిచో సైకిలెక్కో బొంబాయి రోడ్డు చేరేవాళ్లు. కాలనీ మొత్తం ఉత్తరం వైపు తిరిగి బతికింది. దక్షిణాన పట్టాల అవతల మాదాపూర్, కొండాపూర్ రాళ్లగుట్టలు. అటు పోవాల్సిన పని ఎవరికీ ఉండేది కాదు. కాబట్టి పట్టాలు దాటే దారి గురించి ఎవరూ పట్టించుకోలేదు.

1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసుల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభించారు. మా కాలనీ చరిత్రలో అంతకంటే పెద్ద తేదీ లేదు. పని ఒక్కసారిగా దిక్కు మార్చుకుంది. అప్పటిదాకా తూర్పు పడమరలుగా రోడ్డు వెంట ఉన్న కొలువు, పట్టాలకు అడ్డంగా దక్షిణానికి పోయింది. అదే కాలంలో బాలానగర్ వైపు ఫ్యాక్టరీలు ఒకటొకటిగా చతికిలబడ్డాయి. మా కాలనీ పక్కనున్న జేఎన్‌టీయూ చౌరస్తా నుంచి సైబర్ టవర్స్‌కు ఐదారు కిలోమీటర్లు. మాదాపూర్‌లో అద్దె భరించలేని ప్రతి ఒక్కరికీ హౌసింగ్ బోర్డే దిక్కు. అమీర్‌పేటలో కోర్సు, కేపీహెచ్‌బీలో హాస్టలు, హైటెక్ సిటీలో ఉద్యోగం. శ్రీకాకుళం నుంచి ఖమ్మం దాకా, అనంతపురం నుంచి ఆదిలాబాద్ దాకా ఎందరో పిల్లలు ఈ మూడు మెట్లూ ఎక్కారు. 2009లో కొత్తగా ఏర్పడిన కూకట్‌పల్లి నియోజకవర్గం చదువుకున్న మధ్యతరగతిని నమ్ముకున్న లోక్‌సత్తా పార్టీ నేత జయప్రకాశ్ నారాయణను గెలిపించిందంటే ఇక్కడి జనం ఎంత మారిపోయారో చెప్పక్కర్లేదు.

జనం వచ్చారు, ఇళ్లు పైకి లేచాయి. ఎల్‌ఐజీ ఇల్లు పడగొట్టడానికి జేసీబీకి ఒక పూట చాలు. నాలుగు నెలలు తిరిగేసరికి ఆ చిన్న జాగాలోనే స్తంభాలు, కింద స్టిల్టు, పైన అంతస్తు మీద అంతస్తు, చివరికి పెంట్‌హౌసు. ప్లానులో ఉన్నది రెండు మూడు అంతస్తులు, నేల మీద నిలబడింది ఐదారు. గదికి మూడేసి మంచాలు వేసి జెంట్స్ హాస్టల్ అనో లేడీస్ హాస్టల్ అనో బోర్డు పెడితే ఐదుగురు బతికిన జాగాలో యాభై మంది సర్దుకుంటారు. చిరునామా మాత్రం మారలేదు. ఇప్పటికీ డెలివరీ కుర్రాడికి ఎల్‌ఐజీ ఫలానా నంబరనే చెబుతాం. అతను పాత ఇంటి కోసం వెతుక్కుంటూ ఐదంతస్తుల బిల్డింగు ముందు నుంచే రెండుసార్లు తిరిగిపోతాడు.

ఈ కథలో బిల్డరొక్కణ్ణే దోషిగా నిలబెట్టడం తేలిక. మూతపడిన ఫ్యాక్టరీ నుంచి పింఛను కూడా సరిగా రాని ఇంటి యజమానికి పై అంతస్తు అద్దే పింఛను అయింది. కూతురి పెళ్లి, కొడుకు అమెరికా చదువు ఆ అద్దెల మీదే నడిచాయి. ప్రభుత్వమూ అడ్డు చెప్పలేదు. 2007 చివర్లో బీపీఎస్ అనే పథకం తెచ్చి, అపరాధ రుసుము కడితే ప్లాను దాటిన కట్టడాన్ని క్రమబద్ధం చేస్తామంది. 2015లో బీఆర్‌ఎస్ (భవనాల క్రమబద్ధీకరణ పథకం) పేరుతో మళ్లీ అదే అవకాశం ఇచ్చింది. ఒకసారి క్షమిస్తే మళ్లీ క్షమిస్తారన్న నమ్మకం జనంలో పాతుకుపోయింది. అంతస్తు క్రమబద్ధమైంది. దాని కింద రోడ్డు మాత్రం ఒక్క అడుగు కూడా వెడల్పు కాలేదు.

పొద్దున ఏడున్నరకు మా వీధిలో నిలబడితే ఈ లెక్క అంతా కళ్లముందు కనబడుతుంది. రెండు వైపులా బైకులు వరసగా పెట్టి ఉంటాయి, మధ్యలో ఒక కారు పట్టేంత సందు. వేసవిలో బోర్లు ఎండితే అందులోకే నీళ్ల ట్యాంకర్ దూరుతుంది. డ్రైవర్ దిగి పైకి చూసి కేకేస్తాడు: "అమ్మా, జర ఆ యాక్టివా తీపియ్యుండ్రి, పైపు అందుతలేదు." రెండో అంతస్తు నుంచి గుంటూరు యాసలో జవాబు: "అది మాది కాదు బాబూ, హాస్టలు పిల్లలది. ఉండు, లేపిస్తా." ఆ పిల్లాడు నిద్రకళ్లతో తాళంచెవి వెతుక్కునేలోగా ట్యాంకర్ వెనక స్కూలు బస్సు, దాని వెనక సిలిండర్ల ఆటో, ఆ వెనక ఆఫీసులకు పోయే కార్లు. ఎవరూ పెద్దగా పోట్లాడుకోరు. అందరికీ అలవాటే.

లోపలి వీధి ఇలా ఉంటే, అంచుల్లో టవర్లు లేచిన తీరు వేరు. 2006 మార్చిలో వచ్చిన 86వ నంబరు జీవో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ అనే హద్దును ఎత్తేసింది. అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితి లేదు. ఎంత ఎత్తు కట్టొచ్చన్నది ఇంటి ముందు రోడ్డు వెడల్పును బట్టి, చుట్టూ వదిలే ఖాళీని బట్టి తేలుతుంది. 2012లో వచ్చిన 168వ నంబరు జీవో కూడా అదే దారిలో నడిచింది. ముందు 40 అడుగుల రోడ్డుంటే 21 మీటర్ల ఎత్తు దాకా పోవచ్చు. 100 అడుగుల రోడ్డుంటే, చుట్టూ సరిపడా ఖాళీ వదిలి, అగ్నిమాపక శాఖ, విమానాశ్రయాల సంస్థ అనుమతులు తెచ్చుకుంటే ఎంత ఎత్తయినా లేపొచ్చు. వినడానికి న్యాయంగానే ఉంది. వెడల్పు రోడ్డు మీద ఎత్తు భవనం. మెలిక ఎక్కడుందంటే, ఆ నిబంధన గేటు ముందున్న రోడ్డును కొలుస్తుంది, ఆ రోడ్డు పోయి కలిసే చౌరస్తాను కొలవదు. చౌరస్తా దాటాక పట్టాల కింద ఉన్న సందును అసలే కొలవదు. ఒక టవరుకు సరిపోయిన 100 అడుగుల రోడ్డునే దాని పక్క టవరూ, ఎదురు టవరూ తమదిగా చూపించుకుంటాయి. కాగితం మీద ప్రతి భవనానికీ రోడ్డుంది. అందరూ ఒకేసారి గేటు తీస్తే ఆ రోడ్డు ఎవరికీ లేదు.

పట్టాలు దాటే దారులు ఎన్నున్నాయో చూడండి. తూర్పున భరత్‌నగర్ వంతెన, పడమట హఫీజ్‌పేట వంతెన. ఈ రెంటి మధ్యలో చాలా ఏళ్లు ముఖ్యమైన దారి ఒక్కటే, హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్ పక్కనున్న రైల్వే అండర్‌బ్రిడ్జి. జేఎన్‌టీయూ నుంచి వచ్చే బండ్లు, మలేసియన్ టౌన్‌షిప్ టవర్ల నుంచి దిగేవి, 2014లో తెరిచిన మాల్‌కు వచ్చిపోయేవి అన్నీ అక్కడికే చేరతాయి. వాన పడితే అందులో నీళ్లు నిలుస్తాయి. ఆ రోజు సైబర్ టవర్స్‌లో పనిచేసేవాళ్ల సాయంత్రం రాత్రిగా మారుతుంది. అక్కడికి వచ్చే దారిలో ఫ్లైఓవర్ కట్టి ఒక చౌరస్తాను దాటించారు. బండ్లు ముందుకన్నా త్వరగా వచ్చి అదే ఇరుకు ముందు ఆగుతున్నాయి. 2022 జూన్‌లో కైతలాపూర్ దగ్గర పట్టాల మీదుగా వంతెన తెరిచారు. బాలానగర్, మూసాపేట వాళ్లకు నిజంగా ఊపిరాడింది. సైబర్ టవర్స్ వచ్చాక దాదాపు పాతికేళ్లకు దొరికిన దారి అది. ఆ పాతికేళ్లలో ఎన్ని అంతస్తులు లేచాయో దారిన పోయే ఎవరైనా చెబుతారు.

మెట్రో వస్తే తీరుతుందనుకున్నాం. 2017 నవంబరు 28న మియాపూర్‌లో ప్రధాని మోదీ జెండా ఊపినప్పుడు మా కాలనీ పండగ చేసుకుంది. అమీర్‌పేట, సికింద్రాబాద్, తర్వాత ఎల్బీనగర్ పోయేవాళ్లకు అది వరమే, అందులో సందేహం లేదు. కానీ ఆ లైను బొంబాయి రోడ్డు మీదే, మా నాన్న తరం ప్రయాణించిన దిక్కులోనే నడుస్తుంది. జేఎన్‌టీయూ స్టేషన్లో ఎక్కినవాళ్లు హైటెక్ సిటీ చేరాలంటే తూర్పుగా అమీర్‌పేట దాకా పోయి, అక్కడ లైను మారి, మళ్లీ పడమటికి రావాలి. ఐదారు కిలోమీటర్ల దూరానికి అంత చుట్టు ఎవరు తిరుగుతారు? బండి తీసి అండర్‌బ్రిడ్జి వైపు పోతారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే హాస్టళ్లు మూసేస్తున్నారన్న మాట పాకింది. ఊళ్లకు పోయే పాసుల కోసం వందలాది మంది పిల్లలు బ్యాగులతో పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. ఏ ప్లానులోనూ లేని జనం, ఏ రోడ్డు వెడల్పులోనూ లెక్కకు రాని జనం ఎంతమందో ఆ రోజు రోడ్డు మీద కనబడింది. వాళ్లు వెళ్లిపోయాక మెస్సులు, కర్రీ పాయింట్లు, జిరాక్సు కొట్లు మూతపడ్డాయి. ఇరుకు పోయిందని సంతోషించినవాడు కాలనీలో నాకు కనబడలేదు. ఈ రద్దీయే మాకు తిండి పెడుతోందని అందరికీ అర్థమైంది.

అందుకే అపార్ట్‌మెంట్లు ఆపండనే వాదన నాది కాదు. ఆఫీసుకు ఐదారు కిలోమీటర్లలో జనం కిక్కిరిసి ఉండటం, అదే జనం పాతిక కిలోమీటర్ల అవతల ప్లాట్లు కొని రోజూ కార్లలో రావడం కంటే ఊరికి మేలే. ఇంటి నుంచి నడిచిపోయి కూరగాయలు, టిఫిను, మందులు, దర్జీ, బడి అన్నీ చూసుకోగల పేట హైదరాబాద్‌లో ఎన్నున్నాయి? నా తగువంతా ఇళ్లు ఒక లెక్క ప్రకారం, దారులు మరో లెక్క ప్రకారం పెరగడంతోనే.

2025 ఆగస్టులో హైటెక్ సిటీ వైపున్న 7.8 ఎకరాల హౌసింగ్ బోర్డు భూమిని వేలం వేస్తే ఎకరం 70 కోట్లు పలికింది. మా నాన్నకు వాయిదాల మీద ఎల్‌ఐజీ ఇల్లిచ్చిన కాలనీలోనే. ఆ ధరకు కొన్నవాళ్లు రెండు గదుల ఇళ్లు కట్టరు, టవర్లే కడతారు. కట్టనివ్వండి. అయితే ఎత్తు భవనాల దగ్గర వసూలు చేసే ఇంపాక్ట్ ఫీజు అనేది ఒకటుంది. దాన్ని విడి ఖాతాలో ఉంచి, అందులో సగం ఆ ప్రాంతపు సదుపాయాలకే ఖర్చుపెట్టాలని 2012 నాటి నిబంధనలే చెబుతున్నాయి. మా కాలనీ సంక్షేమ సంఘాలు ఇన్నేళ్లూ స్పీడ్ బ్రేకర్ల కోసం, పార్కు గేటు కోసం అర్జీలు పెట్టాయి. ఇప్పుడు పెట్టాల్సిన అర్జీ రెండు ముక్కలది. పట్టాలకూ బొంబాయి రోడ్డుకూ మధ్య లేచిన భవనాల నుంచి ఎంత ఫీజు వచ్చింది, అందులో మా సగం ఏ దారి మీద పెట్టారు? దానికి జవాబొచ్చాక, కొత్త టవరు ప్లానుతోపాటు అందులోని కార్లు పట్టాలు ఎక్కడ దాటతాయో కూడా గీసి చూపించమందాం.