ఇసుక ఈగలు – అవి వ్యాపింపజేసే వ్యాధులు

ఇసుక ఈగలు రక్తం పీల్చే అతి చిన్న కీటకాలు. రెండు రెక్కల కీటకాల్లో సైకోడిడే కుటుంబానికి, అందులో ఫ్లెబోటొమినే ఉపకుటుంబానికి చెందినవి. ప్రపంచంలో దాదాపు 1,000 జాతులు ఉన్నాయి. వీటిలో సుమారు 90 జాతులు లీష్మానియాసిస్‌ను మనుషులకు, జంతువులకు చేరవేస్తాయి. చండీపురా వైరస్, మూడు రోజుల జ్వరం, పెరూ దేశపు కారియన్ వ్యాధి కూడా ఇసుక ఈగలతో ముడిపడినవే. మట్టిగోడల పగుళ్లు, పశువుల పాకలు, తడి నేలలు వీటి స్థావరాలు. అందువల్ల ఇవి తెచ్చే జబ్బుల భారం ఎక్కువగా పేద కుటుంబాల మీదే పడుతోంది.

రూపం, జీవనం

ఇసుక ఈగ ఒళ్లు 2–3 మిల్లీమీటర్లు మించదు. లేత ఇసుక రంగులో, ఒంటినిండా వెంట్రుకలతో ఉంటుంది. వాలినప్పుడు రెక్కలను పైకెత్తి ఉంచుతుంది. ఎక్కువ దూరం ఎగరలేదు, గెంతుతున్నట్టు కొద్దికొద్దిగా కదులుతుంది. దోమలా చెవి దగ్గర చప్పుడు చేయదు కాబట్టి కుట్టేదాకా దాని ఉనికి తెలియదు. పగలు చీకటి మూలల్లో దాగి, సాయంత్రం నుంచి తెల్లవారేలోపు తిరుగుతుంది. ఆడ, మగ ఈగలు రెండూ మొక్కల తీపి రసాలు తాగుతాయి. రక్తం పీల్చేది మాత్రం గుడ్లు పెట్టాల్సిన ఆడ ఈగే.

పేడ, కుళ్లిన ఆకులు కలిసిన తడిమట్టిలో ఇది గుడ్లు పెడుతుంది. డింభకాలు ఆ చెత్తనే తిని, నాలుగు దశలు దాటి, ప్యూపాలుగా మారి, కొన్ని వారాల్లో రెక్కల ఈగలవుతాయి. దోమ పిల్లలకు నిలవ నీరు కావాలి, వీటికి చెమ్మనేల చాలు. అందుకే నీటి గుంటలు పూడ్చినంత మాత్రాన ఇసుక ఈగలు తగ్గవు.

లీష్మానియా ప్రయాణం

లీష్మానియా ఏకకణ పరాన్నజీవి. రోగి రక్తంతో పాటు ఈగ కడుపులోకి చేరి, అక్కడ కశాభం (కొరడా లాంటి తోక) ఉన్న రూపంలోకి మారి, విపరీతంగా పెరుగుతుంది. కొన్ని రోజుల్లో ఈగ నోటి దగ్గరి భాగానికి చేరి, తాను స్రవించే జిగురు పదార్థంతో దారి మూసేస్తుంది. రక్తం సాఫీగా పీల్చుకోలేని ఈగ మళ్లీ మళ్లీ కుడుతూ పరాన్నజీవులను మనిషి చర్మంలోకి కక్కుతుంది. మనల్ని కాపాడాల్సిన రక్షక కణాల్లోనే అవి చేరి పెరుగుతాయి.

కాలా అజార్

అవయవాలకు సోకే లీష్మానియాసిస్‌ను మన దేశంలో కాలా అజార్ అంటారు. వారాల తరబడి జ్వరం, ప్లీహం, కాలేయం ఉబ్బడం, రక్తహీనత, బరువు తగ్గడం దీని లక్షణాలు. చికిత్స లేకపోతే 95 శాతానికి పైగా కేసుల్లో ప్రాణం పోతుంది.

కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో జబ్బుపడిన సైనికుడి ప్లీహంలో తాను చూసిన సూక్ష్మజీవుల గురించి విలియం లీష్మన్ 1903లో ప్రకటించారు. అదే ఏడాది మద్రాసులో చార్లెస్ డోనోవన్ కూడా వాటిని గుర్తించారు. ఇద్దరి పేర్లూ కలిపి శాస్త్రవేత్త రొనాల్డ్ రాస్ ఆ పరాన్నజీవికి లీష్మానియా డోనోవానీ అని పేరు పెట్టారు. దాన్ని మోసుకొచ్చే కీటకం ఏదన్నది తేలడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. ఫ్లెబోటోమస్ అర్జెంటిపెస్ అనే ఇసుక ఈగ మీద 1924 నుంచీ అనుమానం ఉన్నా, ప్రయోగశాలలో జబ్బును అంటించడం సాధ్యం కాలేదు. రోగి రక్తం తాగిన ఈగలకు ఆ తర్వాత ఎండుద్రాక్ష ఇస్తే వాటి లోపల పరాన్నజీవులు బాగా పెరుగుతాయని గమనించాక దారి దొరికింది. 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ ఆ విధంగా పెంచిన ఈగలతో స్వచ్ఛంద సేవకులను కుట్టించి, రుజువు చూపారు.

మందు అంతకంటే ముందే వచ్చింది. కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి 1920లో తయారుచేసిన యూరియా స్టిబమైన్ లక్షల ప్రాణాలు నిలబెట్టింది. మలేరియా నిర్మూలనకు చల్లిన డీడీటీ వల్ల 1960ల నాటికి కాలా అజార్ దాదాపు మాయమైంది. పిచికారీ ఆగాక 1970లలో బీహార్‌లో మళ్లీ విజృంభించింది. 1992లో దేశంలో దాదాపు 77,000 కేసులు నమోదయ్యాయి. బీహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, ఉత్తర ప్రదేశ్‌లలోని 54 జిల్లాలు దీని ప్రధాన క్షేత్రాలు.

భారతదేశంలో ఈ పరాన్నజీవికి ప్రధాన నిలయం మనిషే. జబ్బు నయమైన నెలలకో ఏళ్లకో కొందరికి చర్మంపై మచ్చలు, బుడిపెలు వస్తాయి. బాధ పెద్దగా ఉండదు కాబట్టి వారు ఆస్పత్రికి వెళ్లరు. కానీ వారిని కుట్టిన ఈగ మరొకరికి జబ్బు అంటించగలదు. ఇలాంటివారిని వెతికి చికిత్స చేయనిదే వ్యాధి పూర్తిగా పోదు.

చర్మానికి సోకే రకం

ప్రపంచంలో ఎక్కువ మందికి వచ్చేది చర్మ లీష్మానియాసిస్. ఏటా 6 లక్షల నుంచి 10 లక్షల కొత్త కేసులు ఉంటాయని అంచనా. కుట్టినచోట పుండు పడి, మానాక జీవితాంతం మచ్చ మిగులుతుంది. మన దేశంలో రాజస్థాన్‌లోని బికనీర్ ప్రాంతం దీనికి ప్రసిద్ధి. ముక్కు, నోరు, గొంతు లోపలి పొరలను తినేసే రకం ఎక్కువగా దక్షిణ అమెరికాలో ఉంది.

చండీపురా వైరస్

ఈ వైరస్‌ను 1965లో మహారాష్ట్రలోని నాగపూర్ దగ్గరి చండీపురాలో తొలిసారి వేరుచేశారు. తెలుగు నేలకు ఇది తెచ్చిన విషాదం 2003 నాటిది. ఆ ఏడాది జూన్–ఆగస్టు మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు రాగా, 183 మంది చనిపోయారు. పరీక్షల్లో చండీపురా వైరస్ బయటపడింది. 2024లో గుజరాత్‌లో మళ్లీ వ్యాపించింది. ముఖ్యంగా 15 ఏళ్లలోపు పిల్లలకు సోకుతుంది. హఠాత్తుగా జ్వరం, వాంతులు, మూర్ఛ వచ్చి, ఒకటి రెండు రోజుల్లోనే స్పృహ తప్పి, ప్రాణాపాయం కలగవచ్చు. దీనికి ప్రత్యేక మందు లేదు. గంటలు వృథా కాకుండా ఆస్పత్రికి చేర్చడమే పిల్లలను కాపాడే మార్గం.

ఇతర వ్యాధులు

మధ్యధరా తీరాల్లో పపటాసి అనే ఇసుక ఈగ వల్ల వచ్చే మూడు రోజుల జ్వరం రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను మంచాన పడేసింది. ఇటలీలో 1971లో గుర్తించిన టోస్కానా వైరస్ మెదడు పొరల వాపు తెస్తుంది. పెరూలోని కొండ లోయల్లో బార్టొనెల్లా బాక్టీరియా వల్ల కారియన్ వ్యాధి వస్తుంది. దాని గురించి తెలుసుకోవడానికి రోగి ఒంటి నుంచి తీసిన ద్రవాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకొని, 1885లో ప్రాణం వదిలిన వైద్య విద్యార్థి డానియెల్ కారియన్ పేరే ఆ జబ్బుకు నిలిచింది.

నివారణ

కాలా అజార్ ప్రాంతాల్లో ఇళ్ల లోపలి గోడలకు, పశువుల పాకలకు ఆరు అడుగుల ఎత్తు దాకా మందు చల్లుతారు. ఈగలు డీడీటీని తట్టుకోవడం నేర్చుకున్నాక సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వాడుతున్నారు. మామూలు దోమతెర కన్నాల్లోంచి ఇవి దూరిపోగలవు కాబట్టి సన్నని అల్లిక తెర, లేదా మందు పూసిన తెర వాడాలి. గోడల పగుళ్లు పూడ్చడం, ఇంటి చుట్టూ పేడ, చెత్త నిలవ ఉంచకపోవడం మేలు చేస్తాయి. రోగికి ఇప్పుడు ఒకే మోతాదు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్–బి ఇంజెక్షన్ ప్రధాన చికిత్స.

2023లో బంగ్లాదేశ్ కాలా అజార్‌ను ప్రజారోగ్య సమస్యగా తొలగించిన తొలి దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. మన దేశంలోనూ కేసులు బాగా తగ్గాయి. అయితే మనుషులకు ఇప్పటికీ టీకా లేదు. పిచికారీ మానేసిన 1970ల అనుభవం మళ్లీ రాకూడదంటే, కేసులు తగ్గినా గోడల మీద మందు, గ్రామాల్లో నిఘా ఆగకూడదు. పగుళ్లు లేని పక్కా ఇల్లు ప్రతి కుటుంబానికీ దక్కాలి.