టుటోనియా బాథోలిత్

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు తూర్పు భాగంలో, మొహావీ ఎడారిలో విస్తరించిన గ్రానైట్ జాతి శిలల సముదాయం టుటోనియా బాథోలిత్. న్యూయార్క్ పర్వతాలు, మిడ్ హిల్స్, సీమా డోమ్ ప్రాంతాల్లో ఇది బయటపడి కనిపిస్తుంది. చెట్టూచేమా పలచగా ఉండడంతో ఒక శిల ముగిసి మరొకటి మొదలయ్యే గీత చాలాచోట్ల కంటికే తెలుస్తుంది.

1956లో భూవిజ్ఞాని డి.ఎఫ్. హ్యూయెట్ ఈ శిలకు 'టుటోనియా క్వార్ట్జ్ మాంజొనైట్' అని పేరు పెట్టారు. మొదటి మాట అక్కడి శిఖరానిది, మిగిలినది రాతి జాతిది. తర్వాతివారు దీన్ని మిడ్ హిల్స్ అడమెల్లైట్, రాక్ స్ప్రింగ్ మాంజోడయోరైట్ వంటి విభాగాలుగా విడదీశారు. చోటు పేరు నిలుస్తుంది గానీ జాతి పేరు నిలవదు. 'అడమెల్లైట్' ఇటలీలోని అడమెల్లో పర్వతాల నుంచి వచ్చింది. తమాషా ఏమిటంటే, అక్కడ ఎక్కువగా ఉన్నది టోనలైట్ అనే వేరే రాయి. 1970లలో శిలాశాస్త్రవేత్త స్ట్రెకైజన్ ఆధ్వర్యంలో రాళ్ల అంతర్జాతీయ వర్గీకరణ స్థిరపడ్డాక ఈ రాయి 'మాంజోగ్రానైట్' అయింది. ఆ పేరుకు క్వార్ట్జ్ 20-60 శాతం ఉండాలి. మొత్తం ఫెల్డ్‌స్పార్‌లో ప్లేజియోక్లేజ్ 35-65 శాతం ఉండాలి. లెక్క తేల్చడానికి కోసిన రాతి పలక పైభాగాన్ని ఆమ్లంతో కాస్త కరిగించి, సోడియం కోబాల్టినైట్రైట్ పూస్తారు. పొటాషియం ఫెల్డ్‌స్పార్ పసుపు రంగుకు తిరుగుతుంది.

ఏది ముందు, ఏది వెనుక అన్నది కొంతవరకు కొండ మీదే తేలుతుంది: చీల్చుకుని వచ్చినది వయసులో చిన్నది, చీలినది పెద్దది. ఇవాన్పా గ్రానైట్ జురాసిక్ కాలపుది. మిగిలినవి చాలావరకు క్రెటేషియస్‌వి. మిడ్ హిల్స్ రాయి వయసు సుమారు 9.3 కోట్ల ఏళ్లు.

ఈ వయసుల అంకెలను రేడియోధార్మిక మూలకాలు చెబుతాయి. యురేనియం-238 అర్ధాయువు సుమారు 447 కోట్ల ఏళ్లు; అది చివరికి సీసం-206 అవుతుంది. జిర్కాన్ స్ఫటికం యురేనియాన్ని తనలో చేర్చుకుంటుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి లోపల దొరికే సీసం కాలానికి కొలత. బయోటైట్ అభ్రకంలోని పొటాషియం-ఆర్గాన్ పద్ధతి చెప్పేది వేరు. రాయి సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు చల్లారాకే ఆర్గాన్ అందులో నిలుస్తుంది. అందువల్ల ఒకే రాయికి రెండు వయసులు రావచ్చు, రెండూ నిజమే కావచ్చు.

జిర్కాన్‌కూ ఒక చిక్కుంది. శిలాద్రవం చుట్టూ ఉన్న నైస్ శిలల వయసు సుమారు 170 కోట్ల ఏళ్లు. వాటి గింజలు కరగకుండా మిగిలి, పైన కొత్త పొర కట్టుకోవచ్చు. గింజ మొత్తాన్ని కరిగించి కొలిస్తే రెండింటికీ చెందని మధ్యస్థపు అంకె వస్తుంది. అందుకే గింజను సానబట్టి, నడిమి భాగాన్నీ అంచునూ సన్నని అయాన్ పుంజంతో విడివిడిగా కొలుస్తారు.