కీళ్లవాతం ఉంటే పప్పు మానేయాలా? డైట్ వీడియో నమ్మే ముందు ఇవి చూసుకోండి

కీళ్లవాతం అని తెలియగానే పప్పు, టమాటా, వంకాయ మానేయమని ఇంట్లోవాళ్ల నుంచి పక్కింటివాళ్ల దాకా అందరూ చెప్పేస్తారు. ఫోన్ తెరిస్తే రీల్స్‌లోనూ ఇదే మాట. మరి ఇందులో నిజమెంత?

అసలు తిరకాసు పేరులోనే ఉంది. కీళ్లు వాచే రకరకాల జబ్బులను మనవాళ్లు ఒకే పేరుతో పిలుస్తారు. గౌట్‌లో యూరిక్ యాసిడ్ పెరిగి స్ఫటికాలుగా కీళ్లలో చేరుతుంది. కాబట్టి ఆ రోగులకు లివర్, కిడ్నీ లాంటి మాంసం, మద్యం తగ్గించమంటారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అలా కాదు. అది ఆటోఇమ్యూన్ జబ్బు. శరీర రక్షణ వ్యవస్థే సొంత కీళ్లపై దాడి చేస్తుంది. దానికి యూరిక్ యాసిడ్ కారణం కాదు. ఎవరిదో గౌట్ చార్ట్ చూసి పప్పు మానేస్తే, ముఖ్యంగా శాకాహారులకు ప్రోటీన్‌కు గండి పడుతుంది. ఈ జబ్బులో కండ తగ్గే ముప్పు ఎలాగూ ఉంది. ఇక టమాటా, వంకాయ అందరికీ హాని చేస్తాయనడానికి గట్టి ఆధారాల్లేవు.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2022 మార్గదర్శకాలు మెడిటరేనియన్ తరహా ఆహారాన్ని సూచించాయి. అంటే కూరగాయలు, పండ్లు, ముడిధాన్యాలు, చేపలు, ఆలివ్ నూనె... వాటితో పాటు పప్పుదినుసులు కూడా! ఇది కూడా మందులతో పాటే, మందులకు బదులు కాదు. మిగతా ప్రత్యేక డైట్లను, సప్లిమెంట్లను అవి సిఫారసు చేయలేదు.

మన వంటల లెక్క కావాలంటే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు, 2024లో భారతీయులకు ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. కాకపోతే అవి సాధారణ ప్రజల కోసం రాసినవి, ఈ జబ్బుకు చికిత్స కాదు.

వాతాన్ని పూర్తిగా తగ్గిస్తామనే పౌడర్ ప్రకటన కనిపిస్తే అక్కడే ఆగండి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అలాంటి ప్రకటనలను నిషేధించింది. హెల్త్ సప్లిమెంట్ డబ్బాపై 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అని రాయాలన్నది కూడా నిబంధనే. ముందు వీడియో కాదు, డబ్బా చదవండి.

మెథోట్రెక్సేట్ వాడేవారికి డాక్టర్లు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. ఉత్త విటమిన్ మాత్రే కదా అని దాన్ని సొంతంగా ఆపొద్దు. డైటీషియన్ దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల చీటీ తీసుకెళ్లండి. రిజిస్టర్డ్ డైటీషియనేనా అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.