ప్రాతపడవకు పునర్జన్మ

నీటిలో నానుటకంటె గట్టుమీద ఎండుటయే చెక్కపడవకు ఎక్కువ చేటు. ఎండిన చెక్క ముడుచుకొనును. పలకల నడుమ సందులు విచ్చును.

అమెరికాలోని ఫేర్‌హేవెన్‌లో 'స్ప్రే' అను 36 అడుగుల 9 అంగుళాల తెరచాపపడవ అట్లే పొలములో శిథిలమై యుండెను. 1892లో అది జాషువా స్లోకమ్ అను నావికుని చేతికి వచ్చినది. దానిని మరల నీటికి దింపుటకు అతడు స్వయంగా గొడ్డలి పట్టినాడు.

సమీపంలోని ఓక్ చెట్టును నరికి, పడవకు వెన్నెముకవంటి అడుగుదూలం సిద్ధపరచినాడు. పక్కటెముకలకై నిటారైన లేతకర్రలను ఆవిరిపెట్టెలో ఉడికించి, దుంగపై వంచి బిగించినాడు. వేడి ఆవిరికి చెక్కలోని లిగ్నిన్ అను పదార్థం మెత్తబడును. చల్లారిన పిదప ఆ వంపు నిలిచిపోవును. వాటిపై ఒకటిన్నర అంగుళాల మందముగల పైన్ పలకలు తాపినాడు.

అసలు పరీక్ష సందులు పూడ్చుటలో ఎదురైనది. అతడు దూది కూరుచుండగా, అది నిలువదని చూపరులు కొందరు హెచ్చరించినారు. స్లోకమ్ దూదిపై నారపేట దిగగొట్టి, పడవ అడుగుకు రాగిరంగు రెండు పూతలు పూసినాడు. నీట దిగిన పడవలో చెక్కయు, దూదియు తడిసి ఉబ్బును. సందు తనంతట తానే బిగియును.

పని ముగియుటకు 13 నెలల శ్రమ, 553 డాలర్ల 62 సెంట్ల వ్యయం అయినవి. 1895 ఏప్రిల్ 24న బోస్టన్‌లో బయలుదేరిన ఆ పడవ, 46,000 మైళ్లు తిరిగి, 1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరినది. భూగోళమును ఒంటరిగా తెరచాపపై చుట్టివచ్చిన మొదటి మానవుడు స్లోకమ్. ఆ దూది మాత్రం ఎన్నడును ఊడిరాలేదు.